గ్రహణం రోజు నలుగురిలో కూర్చుని తినిపించడం ప్రచారమా, రెచ్చగొట్టడమా?

బ్రాడీపేట కుర్రాడు, గుంటూరు:
మొన్న గ్రహణానికి మా వీధి చివర కొందరు టేబుల్ వేసి ఉప్మా వండి, "కడుపుతో ఉన్నవాళ్లూ రండి, తినండి, ఏం కాదు" అని మైకులో పిలిచారు. మా నాయనమ్మ చాలా బాధపడింది. నేనూ బీటెక్ చదివాను, సైన్స్ వద్దనను. చెప్పాలంటే క్లాసులో చెప్పండి, జనం మనసు నొప్పించి ఏం సాధిస్తారు?

పటమట టీచర్, విజయవాడ:
తమ్ముడూ, క్లాసులో ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. పిల్లలు బొమ్మ గీసి, నీడ ఎక్కడ పడుతుందో రాసి మార్కులు తెచ్చుకుంటారు, గ్రహణం రోజు ఇంటికెళ్లి పచ్చడి జాడీ మీద దర్భ పెడతారు. భయం పుట్టింది ఇంట్లో, వీధిలో. పోవాల్సిందీ అక్కడే. నాస్తికవాది గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి 1947లో బెజవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం వాళ్లు ఇందులో మహిమ ఏమీ లేదని జనం ముందే నిప్పుల మీద నడిచి చూపించారు. బొగ్గు వేడిని పాదానికి నెమ్మదిగా అందిస్తుంది, గబగబా నడిస్తే కాలదు అని బోర్డు మీద రాస్తే ఎంతమంది నమ్ముతారు? శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు, అది టీచర్లకొక్కరికే రాసింది కాదు.

కృష్ణలంక అమ్మ:
మా బాబుకు పుట్టుకతోనే పెదవి చీలి ఉంది. దాన్ని మనవాళ్లు గ్రహణం మొర్రి అంటారు, పేరులోనే తప్పు తల్లి మీద పెట్టేశారు. బారసాల రోజు వచ్చినవాళ్లు వచ్చినట్టు ఉయ్యాల్లోకి తొంగి చూసి, నా వైపు తిరిగి, "గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నావా?" అన్నారు. అయిదో నెలలో గ్రహణం వచ్చింది నిజమే, ఆ పూట అత్తయ్య చెప్పినట్టే మంచినీళ్లు కూడా తాగకుండా చీకటి గదిలో కదలకుండా పడుకున్నాను. అయినా నా వల్లే అయిందేమోనని నెలల తరబడి ఏడ్చాను. పెదవి అతుక్కునేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపేనని, అయిదో నెల గ్రహణానికి దానితో సంబంధమే లేదని ఆపరేషన్ చేసిన డాక్టరు గారు చెప్పేదాకా ఒక్కరూ చెప్పలేదు. బాబూ, మీ వీధి మైకులో ఈ ముక్క చెప్పారా?

బ్రాడీపేట కుర్రాడు:
లేదండి. "ఇంకా మూఢనమ్మకాలేంటి, సిగ్గులేదా" అన్నారు. నాయనమ్మకు తగిలింది ఆ మాటే.

పటమట టీచర్:
అలా అనడం తప్పే, ఒప్పుకుంటాను. టేబుల్ మాత్రం తీయమనను. ఈసారి ఉప్మా పక్కన ఏ వారంలో ఏం ఏర్పడుతుందో బొమ్మలు కూడా పెట్టాలి, మీ నాయనమ్మ లాంటి పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేవాళ్లుండాలి. అమ్మా, మీరు వస్తారా?

కృష్ణలంక అమ్మ:
వస్తాను. బాబును కూడా తీసుకొస్తాను.