టీవీలో వచ్చే ప్రళయం సినిమాల్లో సైన్స్: మీకు ఎక్కడ ఒళ్లు మండింది?

లెక్కల_మేష్టారు (తిరుపతి):
ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక ఛానెల్లో ఇంగ్లిష్ ప్రళయం సినిమా తెలుగు డబ్బింగ్‌లో వేస్తారు, సోమవారం పొద్దున మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ ప్రశ్నలతోనే వస్తారు. మొన్న '2012' అనే సినిమా వేశారు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు మారిపోయి భూమి లోపలి భాగాన్ని మరిగిస్తున్నాయని అందులో సైంటిస్టులు చెప్తారు. ఒకమ్మాయి నిజంగానే భయపడి "సార్, అవి ఇప్పుడు కూడా వస్తున్నాయా?" అని అడిగింది. వస్తున్నాయమ్మా, నీ గోరంత చోటులోంచి ప్రతి సెకనుకూ సుమారు 6,500 కోట్లు దూసుకుపోతున్నాయి, నువ్వు పుట్టినప్పటి నుంచీ అంతే, దాదాపు అన్నీ దేన్నీ తాకకుండా భూమిలోంచి అవతలికి వెళ్లిపోతాయి, వేడి చేయాలంటే ముందు ఆగాలి కదా అన్నాను. ఆ పిల్ల ముఖం తేటపడింది. ఇలాంటివి పోగు చేస్తున్నాను, క్లాసులో వాడుకుంటాను. మీకు తెలిసినవి, మన ఊళ్లలో మీరు చూసినవాటితో కలిపి రాయండి.

కుప్పం_కుర్రాడు:
సార్, ఆ సినిమాలో మొదట చూపించేది మన దేశంలోని గనే. గని అడుగున నీళ్లు సలసలా కాగుతుంటాయి. అసలు కథ ఇంకా బాగుంటుంది. మా కుప్పానికి దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్, బ్రిటన్ సైంటిస్టులతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికా గనిలో ఇంకో బృందం కూడా పట్టుకుంది, ప్రపంచంలో అవే మొదటివి. అంత లోతుకు ఎందుకు దిగారంటే పైనుంచి పడే మిగతా కణాలన్నీ రాయిలో ఆగిపోవాలి, న్యూట్రినో ఒక్కటే దిగిరావాలి. అంత చేసినా నెలల తరబడి కాచుకుంటే దొరికేవి కొన్నే. నీళ్లు కాగడం మాట అటుంచండి, వచ్చిందని తెలుసుకోవడమే గగనం. 2001లో గనులు మూసేశారు, మా వైపు పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలీదు. అది నాకు నిజంగా బాధ.

గాదంకి_గాలి:
నాది 'ది డే ఆఫ్టర్ టుమారో'. పై వాతావరణంలోని గడ్డకట్టించే గాలి ఒక్కసారిగా నేల మీదికి దిగి, ఎగురుతున్న హెలికాప్టర్లలో ఇంధనం కూడా గడ్డకట్టిపోతుంది. "అంత చల్లటి గాలి దిగుతూ వేడెక్కదా?" అని అందులోనే ఒకరు అడుగుతారు, "చాలా వేగంగా దిగుతోంది, వేడెక్కే టైం లేదు" అని జవాబు. ఆ జవాబే తప్పు. గాలి కిందికి దిగితే పైన ఉన్న బరువుకు నలిగి వేడెక్కుతుంది, వేగంగా దిగితే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు అడుగు కాలేది ఇందుకే.

మా గాదంకిలో నార్ల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్ల ఎంఎస్‌టీ రాడార్, పైగాలులను కొలిచేది, ఉంది కదా, 1,024 యాంటెన్నాలు పొలంలో నాటినట్టు వరసగా ఉంటాయి. బెలూన్లకు చిన్న పరికరం కట్టి పైకి కూడా వదులుతారు. మన ప్రాంతంలో 16, 17 కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 80 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ పొడి గాలిని ఉన్నపళంగా నేలకు దించితే ఎంతవుతుందో లెక్క వేయండి సార్, దాదాపు 100 డిగ్రీలు వస్తుంది. గడ్డకట్టడం కాదు, ఉడికిపోతాం. ఈ లెక్క ఇంటర్ పిల్లలతో చేయించొచ్చు.

బ్రో_చిత్తూరు:
సినిమానే కదా బ్రో, రెండు గంటలు చూసి వదిలేయాలి. ఇంత లెక్కలు ఎందుకు?

చెరువుకట్ట (రామచంద్రాపురం మండలం):
ఎందుకో నేను చెప్తాను తమ్ముడూ. 2021 నవంబర్‌లో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరుతున్నాయని కింది ఊళ్లు ఖాళీ చేయించారు, గుర్తుందా. మా వీధిలో కుర్రాళ్లు కొందరు "కట్ట తెగితే పెద్ద సౌండ్ వస్తుంది, అప్పుడు పరిగెత్తుదాం" అని మేడ మీద కూర్చున్నారు. ఆ మాట ఎక్కడిది? సినిమాల్లో డ్యామ్ ఎప్పుడూ ఢాం అని పగులుతుంది. మట్టికట్ట అలా పోదు. లోపల సన్నటి దారి పడి, నీళ్లు మట్టిని కొంచెం కొంచెంగా మోసుకొచ్చి, లోపలంతా బోలు అయ్యాక కూలుతుంది. మా ఊరి పెద్దాయన ఒకాయన కట్ట కింద ఊట దగ్గర స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టి, కాసేపు కదలకుండా పెట్టి, అడుగున మన్ను పేరుకుందా అని చూసేవాడు. నీళ్లు తేటగా ఉంటే ఊట, బురదగా ఉంటే కట్ట కరిగిపోతున్నట్టు. ఇసుక మూటలు వేసి కట్ట నిలబెట్టారు, ఆ దేవుడి దయ. కానీ సౌండ్ కోసం కూర్చున్న వాళ్లను చేతులు పట్టుకుని దించాల్సి వచ్చింది. ఆ టెన్షన్ చూసినవాళ్లకు తెలుసు.

బ్రో_చిత్తూరు:
సరే అన్నా, ఈ కోణంలో నేను ఆలోచించలేదు.

రాళ్ల_పిచ్చి (ఎస్వీయూ):
నేను జియాలజీ. '10.5' అని 2004లో అమెరికా టీవీ కోసమే తీసిన సినిమా, పేరే భూకంపం తీవ్రత. ఇప్పటిదాకా కొలిచిన వాటిలో పెద్దది 1960లో చిలీలో వచ్చిన 9.5. ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. చిలీలో దాదాపు వెయ్యి కిలోమీటర్లు భూమి జారితే 9.5 వచ్చింది, దానికి 32 రెట్లంటే అంత పొడవైన పగులు భూమి మీద ఎక్కడుంది? పైగా అణుబాంబులు పెట్టి ఆ పగులును అతికించేస్తారట! కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ పగులుకు అటూ ఇటూ ఉన్న భూమి ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతుంది, సినిమాలో లాగా నోరు తెరిచి రైలును మింగడానికి అక్కడ ఖాళీ ఏదీ లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో శిలల పొరల మధ్య కొన్ని పదుల కోట్ల సంవత్సరాల వ్యవధి ఉంది, బోర్డు కూడా పెట్టారు. జూనియర్లను అక్కడికి తీసుకెళ్లి కింది రాయి మీద ఒక చెయ్యి, పై రాయి మీద ఒక చెయ్యి పెట్టమంటాను. అందరూ గమ్మున అయిపోతారు.

సూళ్లూరుపేట_సుధ:
శబ్దం గురించి నేను చెప్తా. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా మిద్దె మీద నుంచి ముందు వెలుగు కనిపిస్తుంది, అది పైకి వెళ్లిపోతూ ఉంటుంది, అప్పటికి గానీ ఉరుము రాదు, తలుపులు అదిరేది ఆ తరువాతే. కిలోమీటరుకు మూడు సెకన్లు. సినిమాలో ఎంత దూరాన పేలినా చూపు, మోత ఒకేసారి. సునామీ కూడా అంతే, నడి సముద్రంలో కొండంత అల చూపిస్తారు. లోతు నీళ్లలో అది పడవ కిందినుంచి తెలియకుండా పోతుంది, విమానమంత వేగంతో. ఒడ్డుకొచ్చాకే లేస్తుంది. చాలాచోట్ల ముందు సముద్రం వెనక్కి పోతుంది, అప్పుడే పరిగెత్తాలి, చేపలు ఏరుకోవడానికి దిగకూడదు. దీన్ని ఒక్క సినిమా అయినా సరిగ్గా చూపిస్తే ఎంత మేలు!

ఎమ్మార్‌పల్లి_అక్క:
ఆ 2021 నవంబర్ వరదల తరువాత మా వైపు ఒక ఇంట్లో భూమిలో పాతిన సిమెంటు ఒరల నీళ్ల తొట్టి దానంతట అదే పైకి లేచింది, టీవీల్లో చూసే ఉంటారు. ప్రళయం వస్తోందని వాట్సాప్‌లో ఒకటే గోల. చుట్టూ నేల నీటితో నానిపోయి, తొట్టి ఖాళీ చేస్తే బరువు తగ్గి తేలింది, అంతే. వానాకాలంలో సంపు పూర్తిగా ఖాళీ చేయకండి.

లెక్కల_మేష్టారు:
అందరికీ దండాలు. గాదంకి తమ్ముడి లెక్క రేపే బోర్డు మీద వేస్తాను. చెరువుకట్ట అన్నా, ఆ గ్లాసు పద్ధతి పిల్లలకు చెప్పొచ్చా?

చెరువుకట్ట:
చెప్పండి సార్. తేటగా వచ్చినా గంటగంటకూ చూస్తూనే ఉండాలని, మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర ఎవరినీ సెల్ఫీలకు నిలబడనీయొద్దని కూడా చెప్పండి.