మోటారులో అయస్కాంతం ఎక్కడుంది? వైండింగ్ నేర్చుకుంటున్నవాడి ప్రశ్న

దేవరకొండ_కొత్తవైండర్:

అన్నలందరికీ నమస్తే. నేను ఇంటర్‌లో సీఈసీ చదివాను, ఇప్పుడు దేవరకొండ దగ్గర ఒక వైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్నాను. బోరు మోటార్లు, మోనోబ్లాక్‌లు (మోటారూ పంపూ ఒకే బాడీలో ఉండేవి) రెండూ వస్తాయి. కాలిన కాయిల్ తీయడం, కాయిల్ కూర్చునే గాళ్లు అంటే స్లాట్లు శుభ్రం చేసి పేపర్ వేయడం వరకు వచ్చింది, కానీ ఏది ఎందుకు చేస్తున్నామో మాత్రం తెలియట్లేదు. మోటారు అయస్కాంతంతో తిరుగుతుందని బడిలో చెప్పారు, బొమ్మ కారు మోటారు విప్పితే నిజంగానే రెండు అయస్కాంతం ముక్కలు ఉంటాయి. మరి ఐదు హెచ్‌పీ మోటారు మొత్తం విప్పినా రాగి తీగ, ఇనుప రేకులు తప్ప అయస్కాంతం అనేదే కనిపించదు. రోటరుకైతే ఒక్క వైరు కూడా కలపము, తిరిగేది మాత్రం అదే! ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ రెండు కాయిళ్ల మధ్య కనెక్షన్ ఉండదంటారు, మరి కరెంటు ఇటువైపుకు ఎలా వస్తోంది? ఇంకోటి, ఒక ఫేజు పోతే ఇంకా రెండు ఉన్నాయి కదా, మోటారు కొంచెం మెల్లగానైనా తిరగాలి కదా, గుంయ్‌మని మోగి కాలిపోవడం ఏంటి? షాపులో అడిగితే "అదంతే, పని చూసుకో" అంటున్నారు. ఫార్ములాలు వద్దు, మొదటి నుంచి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

పాలమూరు_ఫిజిక్స్:

తమ్ముడూ, నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు గానీ నాలుగింటికీ వేరు ఒక్కటే. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్ తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూసి ఈ సంగతి లోకానికి చెప్పాడు. దీనికి తిరగేసిన సంగతి ఇంకోటుంది. కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంటే ఆ కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది, దీన్ని 1831లో ఇంగ్లండ్‌లో ఫారడే చూపించాడు. "మారుతుంటే" అన్న మాట గట్టిగా పట్టుకో. కాయిల్ పక్కన ఎంత పెద్ద అయస్కాంతం పెట్టినా, కదలకుండా ఉంటే కాయిల్‌లో ఏమీ రాదు. దగ్గరకు తెస్తున్నప్పుడు వస్తుంది, దూరం జరుపుతున్నప్పుడు వస్తుంది, ఆపగానే పోతుంది.

మొదటిదాన్ని షాపులోనే చూడొచ్చు. పెద్ద ఇనుప మేకు తీసుకో, స్టీలుది వద్దు. సన్న గేజీ ఎనామెల్ తీగ ముక్క దాని మీద డెబ్బై ఎనభై చుట్లు ఒకే వైపుకు చుట్టు, రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్ది ఎనామెల్ పోగొట్టు, గోడ గడియారంలో వేసే సెల్ ఒకటి కలుపు. మేకు గుండుసూదుల్ని లాగుతుంది, సెల్ తీస్తే దాదాపు అన్నీ రాలిపోతాయి. తీగ తొందరగా వేడెక్కుతుంది కాబట్టి కొన్ని సెకన్లకు మించి ఉంచకు. ఇంటి కరెంటుతో మాత్రం ఈ పని అస్సలు చేయొద్దు, అంత చిన్న కాయిల్ 230 వోల్టులకు క్షణంలో కాలుతుంది, చేయి తగిలితే ప్రాణానికే ముప్పు.

నీ మోటారులో అయస్కాంతం ఎక్కడుందంటే అదే. స్లాట్లలో నువ్వు పెడుతున్న కాయిలే, దాని చుట్టూ ఉన్న ఇనుప రేకులే (స్టాంపింగులు అంటారు). కరెంటు ఉన్నంతసేపే అది అయస్కాంతం, నువ్వు విప్పి చూసేటప్పటికి కరెంటు ఉండదు కాబట్టి ఉత్త ఇనుమూ రాగీ కనిపిస్తాయి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందువల్ల మొదటి కాయిల్ పుట్టించే అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. రెండు కాయిళ్లకూ ఇనుప కోర్ ఒక్కటే కాబట్టి ఆ మార్పు రెండోదాని గుండా కూడా పోతుంది, అక్కడ వోల్టేజీ పుడుతుంది. దాటి వచ్చేది కరెంటు కాదు, అయస్కాంత క్షేత్రం. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు బ్యాటరీ కలిపితే, కలిపిన క్షణం, తీసిన క్షణం తప్ప అవతల ఏమీ రాదు.

పొలాల దగ్గర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చూస్తుంటావు కదా, పైకి 11,000 వోల్టులు వస్తాయి, కిందికి 433 దిగుతాయి. ఫుల్ లోడు మీద పై లైనులో ఒక్కో ఫేజుకు సుమారు ఐదు ఆంప్స్ పోతే, కింద సుమారు 133 ఆంప్స్ పోతాయి. పైన సన్న తీగ, కింద లావు కేబుల్ ఎందుకో నీకే తెలిసిపోతుంది. దూరం నుంచి తెచ్చేటప్పుడు వోల్టేజీ పెంచేది కూడా ఇందుకే, ఆంప్స్ తగ్గితే దారిలో వేడి కింద వృథాగా పోయే శక్తి బాగా తగ్గుతుంది.

కల్వకుర్తి_మోటార్స్:

సార్ బాగా చెప్పారు, తిరుగుడు సంగతి నేను చెప్తా. స్టేటరులో, అంటే మోటారులో కదలని బయటి భాగంలో, మూడు ఫేజుల కాయిళ్లు గుండ్రంగా సర్ది ఉంటాయి. ఆర్, వై, బీ మూడూ ఒకేసారి పీక్‌కు రావు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అందుకని అయస్కాంత బలం ఒక కాయిల్ నుంచి పక్క కాయిల్‌కు జరుగుతూ గుండ్రంగా పరిగెత్తుతుంది. పెళ్లి పందిరి సీరియల్ లైట్లలో బల్బులు ఎక్కడివక్కడే ఉన్నా వెలుగు పరిగెత్తినట్టు కనిపిస్తుంది చూడు, అట్లాగే. రెండు ఫేజులు అటుదిటు మార్చి కలిపితే ఆ పరుగు ఎదురు తిరుగుతుంది, మోటారు రివర్స్ అవుతుంది, నీళ్లు సరిగ్గా రావు.

రోటరుకు వైరు ఎందుకు కలపమంటే, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ రెండో కాయిల్ అనుకో. అందులో కడ్డీలుంటాయి, బోరు మోటారులో ఎక్కువగా రాగివి, మోనోబ్లాక్‌లో అల్యూమినియంవి, రెండు చివర్లా రింగులతో కలిసిపోయి ఉంటాయి. చుట్టూ క్షేత్రం పరిగెత్తుతుంటే కడ్డీలకు అది మారుతున్నట్టే కదా, అందుకని వాటిలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో రోటరు కూడా అయస్కాంతమై స్టేటరు వెంట పడుతుంది. కానీ ఎప్పటికీ అందుకోదు. రెండు పోళ్ల (ఒక ఉత్తర, ఒక దక్షిణ ధ్రువం ఉండే) మోటారులో క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది, నేమ్‌ప్లేట్ మీద మాత్రం 2,850 అనో 2,880 అనో ఉంటుంది, ఇప్పుడే వెళ్లి చూడు. రోటరు కూడా 3,000 తిరిగిందనుకో, దాని లెక్కన క్షేత్రం కదలనట్టే, కడ్డీల్లో కరెంటు పుట్టదు, తిప్పే బలం ఉండదు. ఆ వెనకబాటుతోనే మోటారు బతుకుతుంది, దాన్నే స్లిప్ అంటారు.

ఇప్పుడు ఒక ఫేజు పోయిందనుకో. మిగిలిన రెండు వైర్ల మధ్య పారేది ఒకే కరెంటు, క్షేత్రం ఉన్నచోటనే అటూ ఇటూ ఊగుతుంది తప్ప గుండ్రంగా పరిగెత్తదు. ఆగి ఉన్న రోటరుకు ఏ వైపు తిరగాలో తెలియదు, గుంయ్‌మంటూ కూర్చుంటుంది, ఎనిమిది ఆంప్స్ తీసుకోవాల్సిన మోటారు ఐదారింతలు లాగుతుంది. ఆంప్స్ రెట్టింపైతే వేడి నాలుగింతలు, ఇక కాయిల్ ఎంతసేపు ఉంటుంది? తిరుగుతున్నప్పుడు ఫేజు పోతే తిరుగుతూనే ఉంటుంది గానీ మిగతా రెండిటి మీద లోడు పడి మెల్లగా కాలుతుంది, రైతుకు తెలిసేసరికే పని అయిపోతుంది. అందుకే మోటారు ఇచ్చేటప్పుడు ప్రివెంటర్ (ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసేది) పెట్టుకొమ్మని ప్రతి రైతుకూ చెప్పు, వద్దన్నా ఇంకోసారి చెప్పు. సింగిల్ ఫేజు మోటారుకు కండెన్సర్ ఎందుకంటే కూడా ఇదే, రెండో కాయిల్‌లో కరెంటు వేరే టైముకు పీక్ వచ్చేలా చేసి తిరిగే క్షేత్రాన్ని పుట్టించడానికి.

దేవరకొండ_కొత్తవైండర్:

అన్నా, సార్, చాలా థాంక్స్. నేమ్‌ప్లేట్ చూశా, 2,850 ఉంది, ఇన్ని రోజులు కంపెనీ వాళ్ల లెక్క ఏదో అనుకున్నా. ఒక డౌటు. కరెంటు అటూ ఇటూ ఊగితే అయస్కాంతం పట్టు కూడా వదిలేయాలి కదా? స్టార్టర్‌లో కాయిల్ మరి పట్టుకునే ఉంటుంది. ఇంకా, ఇనుము ముద్దగా పోత పోయకుండా పలుచటి రేకులు పేర్చడం ఎందుకు?

పాలమూరు_ఫిజిక్స్:

ఇనుమును ఉత్తర ధ్రువమూ లాగుతుంది, దక్షిణ ధ్రువమూ లాగుతుంది. కాబట్టి దిశ మారినా లాగడం మారదు, నడుమ సెకనుకు వంద సార్లు బలం సున్నాకు పడిపోతుంది, అంతే. ఆ కాస్త టైములో వదలకుండా ఉండటానికే నువ్వు చెప్పిన స్టార్టర్ కాయిల్ (నో వోల్ట్ కాయిల్ అంటారు) కోర్ ముఖం మీద చిన్న రాగి రింగు బిగించి ఉంటుంది. అందులో పుట్టే కరెంటు వల్ల కొంత క్షేత్రం ఆలస్యంగా వస్తుంది, ఒకటి సున్నాలో ఉన్నప్పుడు రెండోది పట్టుకుంటుంది. స్టార్టర్ బాగా మోగుతుంటే ఆ రింగు విరిగిందేమో చూడు, లేదా ముఖాల మధ్య దుమ్ము, తుప్పు చేరి ఉంటాయి. మెయిన్ ఆపేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టు.

సాగర్_హిల్‌కాలనీ:

మోటారూ జనరేటరూ వేరువేరు అనుకునేవాళ్లు ఒకసారి నాగార్జున సాగర్ మెయిన్ పవర్‌హౌస్ గురించి తెలుసుకోవాలి. అక్కడ ఎనిమిది యూనిట్లు, మొత్తం 815.6 మెగావాట్లు. వాటిలో ఏడు రివర్సిబుల్, అంటే కిందికి దిగే నీళ్లు తిప్పితే కరెంటు పుట్టిస్తాయి, అదే మెషీన్‌కు కరెంటు ఇస్తే ఎదురు తిరిగి కింది నీళ్లను మళ్లీ డ్యామ్‌లోకి ఎత్తుతాయి. కాయిళ్లు అవే, ఇనుము అదే. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో ఉన్న ఆరు యూనిట్లూ ఇట్లాంటివే, ఒక్కోటి 150 మెగావాట్లు. సార్ చెప్పిన ఓర్‌స్టెడ్ సంగతీ ఫారడే సంగతీ ఒకే మెషీన్‌లో కావాలంటే మన కృష్ణ మీదే ఉన్నాయి.

కల్వకుర్తి_మోటార్స్:

రేకుల సంగతి మిగిలింది కదా. క్షేత్రం మారుతుంటే కాయిల్‌లోనే కాదు, ఇనుములో కూడా కరెంటు పుడుతుంది, లోపలే సుడులు తిరిగి ఉత్త వేడి చేస్తుంది. ముద్ద ఇనుమైతే ఆ సుడులు పెద్దవి. అర మిల్లీమీటరు మందం రేకులకు పూత వేసి పేరిస్తే దారి తెగిపోయి సుడులు చిన్నవైపోతాయి. ఇది నీ పనికి నేరుగా తగిలే విషయం. పాత కాయిల్ తొందరగా ఊడి రావాలని గ్యాస్ మంట పెట్టి స్టేటరును ఎర్రగా కాలుస్తారు చాలా చోట్ల. రేకుల మధ్య పూత కాలిపోతుంది, ఆ తర్వాత వైండింగ్ ఎంత చక్కగా చేసినా ఖాళీగా తిప్పినా ఆంప్స్ ఎక్కువే చూపిస్తుంది, బాడీ వేడెక్కుతుంది, రైతు ఏడాది తిరక్కుండా మళ్లీ తెస్తాడు. కాయిల్ తలలు ఒక వైపు కోసేసి, రెండో వైపు నుంచి మెల్లగా లాగు. టైము పడుతుంది, పట్టనీ. కోసే ముందు చుట్లు, గేజీ, పిచ్ (కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు పోతుందో) నోట్‌బుక్‌లో రాసుకో, స్టేటరు కట్టాక టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ చూసే మీటరు) మూడు ఫేజుల ఆంప్స్ దాదాపు సమానంగా ఉన్నాయో లేదో చూసే బయటికి పంపు.