సన్నీవేల్‌లో ఐక్లర్ ఇల్లు: పైన రెండు గదులు వేసుకోవచ్చా అన్నా?

నకిరేకల్ తమ్ముడు

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. హెచ్1బీ వీసా మీద అమెరికా వచ్చి ఏడాది కావస్తోంది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. 1961లో ఐక్లర్ అనే ఆయన కట్టిన ఇళ్లలో ఒకటట, ప్రకటనలో "హిస్టారిక్ మిడ్‌సెంచరీ మోడర్న్" (చారిత్రకం, ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటి ఆధునిక శైలి) అని రాశారు. తలుపు తీయగానే నడిమిట్ల ఆకాశం కనిపించే ఖాళీ జాగా, చుట్టూ అద్దాలు. మా ఆవిడకు చూడగానే నచ్చేసింది. బెడ్‌రూములు మూడే. అమ్మ, బాపు వస్తే ఉండటానికి తర్వాత పైన రెండు గదులు వేద్దామని ప్లాన్. డౌన్ పేమెంట్‌కు తక్కువ పడితే రెండెకరాల చెల్క అమ్మి పంపుతానంటున్నాడు బాపు. వారంలో ఆఫర్ వేయాలట. ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ (ప్రస్తుతం పాలో ఆల్టో)

తమ్ముడూ, ముందు పైగదుల సంగతి తేల్చుకో. ఐక్లర్ ఇళ్లున్న చాలా కాలనీల్లో ఒక్క అంతస్తుకు మించి కట్టొద్దని సిటీ జోనింగ్ నిబంధన (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది) ఉంటుంది. ఈ ఇళ్లకు పెరటి వైపు గోడ ఉండదు, నేల నుంచి కప్పు దాకా అద్దమే. పక్కింటాయన పైన గది వేశాడంటే నువ్వు అన్నం తినేది, పడుకునేది అంతా ఆయన కిటికీలోంచి కనిపిస్తుంది. అందుకే చాలాచోట్ల అక్కడుండేవాళ్లే సంతకాలు పెట్టి ఆ నిబంధన తెచ్చుకున్నారు. సన్నీవేల్‌లో ఐక్లర్ ఇళ్లకని వేరే డిజైన్ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. ఏజెంట్ చెప్పింది విని ఊరుకోకు. సిటీ ప్లానింగ్ కౌంటర్‌కు అడ్రస్ ఇచ్చి నువ్వే అడుగు.

ప్రకటనలో హిస్టారిక్ అని ఎవరైనా రాసుకోవచ్చు. మా పాలో ఆల్టోలో గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో అనే రెండు ఐక్లర్ కాలనీలు 2005లో నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరాయి. అది గౌరవమే తప్ప, సొంత పైసలతో ఇల్లు మార్చుకునేవాణ్ని ఫెడరల్ వాళ్లు ఆపరు. ఆపేది సిటీ. కొన్ని సిటీలు మిల్స్ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం కింద ఆస్తి పన్ను తగ్గిస్తాయి, బదులుగా పదేళ్లకు తగ్గకుండా ఇల్లు పాత రూపంలోనే కాపాడతానని ఒప్పందం రాసివ్వాలి. నువ్వు చూసిన ఇల్లు వీటిలో దేని కిందికి వస్తుందో, అసలు ఏదైనా ఉందో లేదో కాగితం మీద చూపించమను.

ఐక్లర్ ఆర్కిటెక్ట్ అనుకుంటారు చాలామంది. ఆయన బిల్డర్. 1949 నుంచి మొదలుపెట్టి కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్లు కట్టాడు. ప్లాన్లు గీసింది ఆన్షెన్ అండ్ అలెన్, జోన్స్ అండ్ ఎమన్స్, క్లాడ్ ఓక్‌లండ్. తెల్లవాళ్లకు తప్ప ఇల్లు అమ్మకపోవడం మామూలైన ఆ రోజుల్లో ఈయన రంగు చూడకుండా అమ్మాడు. ఆ గొడవలోనే 1958లో బిల్డర్ల జాతీయ సంఘం నుంచి బయటికొచ్చాడు. ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది 1968లో. నాకు ఈ ఇళ్ల మీద కొంచెం మమకారం ఎక్కువే, అది తీసేసి నా మాటలు చదువుకో.

ఇక అసలు ఖర్చు నేలలోనూ కప్పులోనూ ఉంటుంది. కాంక్రీటు నేలలో వేడినీళ్ల పైపులు పూడ్చి ఉంటాయి. చలికాలం పొద్దున వట్టి కాళ్లతో నడిస్తే హాయిగా ఉంటుంది, కాదనను. 1950ల మొదట్లో కొరియా యుద్ధం వల్ల రాగి దొరక్క కొన్ని ఇళ్లకు ఇనుప పైపులు వేశారు. నీది 1961 కాబట్టి రాగివే ఉండాలి, అయినా అరవై ఏళ్లు దాటినవి. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ బాయిలర్ ఆన్ చేసి, నేల వెచ్చబడిందని రాసి వెళ్లిపోతాడు. రేడియంట్ హీటింగ్ (ఇలా నేలలోంచి వేడిచ్చే ఏర్పాటు) పనే చేసేవాణ్ని పిలిచి ప్రెషర్ టెస్ట్ చేయించు. లీకు ఉంటే నేల పగలగొట్టి అతుకు వేయాలి, లేదంటే ఆ పైపులను వదిలేసి మినీ స్ప్లిట్‌లు (గోడకు బిగించే, వేడి కూడా ఇచ్చే ఏసీలు) పెట్టుకోవాలి. ఈ ఇళ్లకు అటక లేదు. లోపలినుంచి కనిపించే చెక్కే పైకప్పు. కాబట్టి కొత్తగా ఏ పైపు వేసినా, ఏ వైరు లాగినా కప్పు మీదనుంచో గోడ బయటనుంచో పోవాల్సిందే.

కప్పు చదునుగానో, కొద్దిపాటి వాలుతోనో ఉంటుంది. చాలామంది ఫోమ్ వేయిస్తారు, దాని మీది పూత కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించాలి. చివరిసారి ఎప్పుడు వేశారో రసీదు అడుగు. దూలాల చివర్లు చూరు దాటి బయటికి ఉంటాయి, వానకు ముందు పుచ్చేది అవే. చెదల రిపోర్టులో సెక్షన్ 1 అని రాసినవి ఇప్పటికే పట్టిన చెద, పుచ్చు. సెక్షన్ 2 అంటే ముందుముందు రావచ్చనేవి. మొదటి దాని ఖర్చు ఆఫర్‌లోనే లెక్కేసుకో. 1978కి ముందు ఇల్లు కాబట్టి లెడ్ పెయింట్ కాగితం ఎలాగూ ఇస్తారు. పాత నేల టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా పీకించొద్దు.

వనపర్తి అక్క (శాన్ హోజే)

మేం ఉండేది ఐక్లర్‌లోనే. మా అత్తమ్మ వచ్చి నడిమిట్ల కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇది మన భవంతి ఇల్లే గదా" అంది, నడుమ ఖాళీ జాగా ఉండే మన పాత ఇళ్లను తలుచుకుని. వాస్తు భయం అక్కడికే తీరిపోయింది.

కానీ తమ్ముడూ, నీకు చిన్నపిల్లలుంటే అద్దాలు చూసుకో. ఆ కాలపువి టెంపర్డ్ కావు, పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతాయి. కనీసం సేఫ్టీ ఫిల్మ్ అయినా వేయించు. పైగా ఒంటి పొర అద్దం, జులైలో పడమటి గదిలో నిలబడలేం. వంటింటికి గోడలు తక్కువ, ఎండుమిర్చి పోపు వేస్తే బెడ్‌రూములో దగ్గుతారు. పొగ బయటికి పంపే హుడ్ లేకపోతే కష్టం. పాత మహాగని చెక్క గోడలు ఇంకా ఉంటే దేవుడి దగ్గర జాగ్రత్త, దీపం మసి, నూనె పట్టిందంటే పోదు.

అమ్మానాన్నల గది గురించి: పైకి కుదరకపోతే వెనక చూడు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పెరట్లో 800 చదరపు అడుగుల దాకా ఏడీయూ (అదే స్థలంలో వేసుకునే చిన్న రెండో ఇల్లు) కట్టుకుంటే సిటీ ఆపడానికి వీల్లేదు, పక్క, వెనక హద్దుల నుంచి నాలుగడుగులు వదిలితే చాలు. రాష్ట్ర హిస్టారిక్ జాబితాలో ఉన్న ఇల్లయితే మాత్రం రూపం మీద షరతులు పెట్టొచ్చు. నిజానికి పెద్దవాళ్లకు మెట్లెక్కే గది ఎందుకు?

జడ్చర్ల (డాలస్)

నేను పైసల సంగతే చెప్తా. ఎఫ్‌హెచ్ఏ లోన్ (ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉండేది) 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్లకు లేదు. హెచ్1బీ మీద కన్వెన్షనల్ లోన్ (ఆ హామీ లేని మామూలు లోన్) దొరుకుతుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలన్నది గుర్తుపెట్టుకుని నెల కిస్తీ లెక్కేయి. ఆస్తి పన్ను దగ్గర చాలామంది దెబ్బతింటారు: అమ్మేవాళ్ల పాత బిల్లు చూసి మురిసిపోకు. ప్రాపోజిషన్ 13 అనే కాలిఫోర్నియా పన్ను నిబంధన వల్ల పాత ఓనరుకు తక్కువ పడుతుంది. నీకు నువ్వు కొన్న ధర మీద ఒక శాతం, దాని మీద లోకల్ పన్నులు. అక్కడినుంచి ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెంచరు.

బాపు చెల్క అమ్మితే ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం, మన ప్లాట్లది కాదు) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది, రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. పల్లె వ్యవసాయ భూమికి క్యాపిటల్ గెయిన్స్ ఉండదు, మున్సిపాలిటీ హద్దుకు దగ్గర ఉంటే లెక్క మారుతుంది. నీకు ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్టు వస్తే ఇక్కడి పన్ను శాఖకు ఫారం 3520 వేయాలి. లోన్ ఇచ్చేవాళ్లు గిఫ్ట్ లెటర్ (ఆ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదనే కాగితం) అడుగుతారు. ఇదంతా వారంలో అయ్యేది కాదు. భూమి బేరం తొందరలో చేస్తే కొనేవాడికే లాభం.

నకిరేకల్ తమ్ముడు

అన్నా, అక్కా, థాంక్స్. ప్లానింగ్ వాళ్లను అడిగాను, ఆ వీధిలో ఒక్క అంతస్తే. పెరట్లో ఏడీయూకు జాగా ఉంది. చెల్క బేరం ఆపమని బాపుకు చెప్పాను, ఉన్న పైసలతోనే చూస్తా. ఇప్పుడు అమ్మేవాళ్లు ప్రెషర్ టెస్ట్‌కు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

దేవరకొండ (ప్రస్తుతం పాలో ఆల్టో)

ఒప్పుకోకపోతే పైపులు పోయాయనే లెక్కతో ముందుకెళ్లు. ఇల్లంతటికీ మినీ స్ప్లిట్‌లు పెట్టడానికి కొటేషన్ తీసుకో, ఆ మొత్తం తగ్గించి ఆఫర్ రాయి. నీ ఏజెంట్ పోటీ ఎక్కువుందని ఇన్‌స్పెక్షన్ కంటింజెన్సీ (తనిఖీలో లోపాలు తేలితే బేరం వదులుకునే షరతు) కొట్టేద్దామంటాడు, దానికి మాత్రం సరేననకు. కాదన్నారా, వదిలేయి. సన్నీవేల్‌లో ఐక్లర్ ఇళ్లు చాలానే ఉన్నాయి, ఎండాకాలంలోపు ఇంకొన్ని అమ్మకానికి వస్తాయి. ఏడీయూ కట్టిన మనోళ్ల నంబర్ ప్రైవేటుగా పంపిస్తా.