సిగ్నల్ దగ్గర బండి వణుకుతోంది, పీ0171 కోడ్: ఈ20 వల్లేనా?

ప్రశ్న:
2009 మోడల్ పెట్రోల్ కారు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. వేడెక్కాక సిగ్నల్‌లో ఆగితే ఆర్పీఎం 600కి పడి, మళ్లీ 900కి లేస్తూ వణుకుతుంది. హైవే మీద పికప్‌కి లోటు లేదు. స్కానర్‌లో పీ0171, అంటే మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని చూపిస్తోంది. ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లేనని, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు 1:
ముందు త్రాటిల్ బాడీ క్లీన్ చేయించండి బ్రదర్, తక్కువలో పోతుంది.

జవాబు 2:
ఏదీ మార్చకండి. కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందుకే ఈ20కి లెక్క సుమారు 13.5కి దిగుతుంది. అంతే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోయాలి, ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ పోస్తుంది కూడా. కానీ ఆ తేడా ఏ ఆర్పీఎంలోనైనా దాదాపు ఒకేలా ఉండాలి. మీకు ఐడిల్‌లోనే బాధ.

మీ బండికి లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉందా? ఇంజిన్ బాగా వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేవి) రెండూ, షార్ట్, లాంగ్, కలిపి చూడండి. ఒకసారి ఐడిల్‌లో, ఒకసారి 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి.

ప్రశ్న అడిగినవారు:
ఎంఏఎఫ్ ఉందండీ. ఐడిల్‌లో +23, 2500 దగ్గర +7.

జవాబు 2:
ఆ ఏడు చాలావరకు ఈ20దే, దాన్ని వదిలేయండి. మిగతాది ఎయిర్ లీక్. సెన్సర్ దాటాక దొంగదారిలో వచ్చే గాలిని ఈసీయూ లెక్కపెట్టలేదు. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం కాబట్టి ఆ లీకే పెద్ద వాటా అవుతుంది, 2500 దగ్గర అసలు గాలిలో కలిసిపోతుంది. పెట్రోల్ పంపు నీరసపడితే దీనికి రివర్స్, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగేది. పొద్దున చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ ఎలాగూ రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువగా, పోస్తుంది, అందుకే అప్పుడు లీక్ తెలియదు. లీన్ అని చెప్పిన ఆక్సిజన్ సెన్సర్ దాని పని అది చేస్తోంది, దాన్ని మార్చడం అన్యాయం.

పీసీవీ హోస్‌ని (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌కి పంపే పైపు) వంచి చూడండి, లోపలి వంపులోనే చీలుతుంది, పైకి కనబడదు. తర్వాత బ్రేక్ బూస్టర్ పైపు, మానిఫోల్డ్ గాస్కెట్. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టనివ్వకండి, అంటుకుంటుంది. పొగ పంపి లీక్ పట్టే స్మోక్ టెస్ట్ చేయించండి. లీక్ మూశాక కోడ్ చెరిపి, కొన్ని రోజులు నడిపి, ఐడిల్ ట్రిమ్ ఎంతుందో ఇక్కడ పెట్టండి.