వైద్యం అయిపోయింది, తమ్ముడు మాత్రం కోలుకోలేదు. ఏం చేయాలో చెప్పండి

అంబాజీపేట అక్క:
మా తమ్ముడికి 22 ఏళ్లు. మెడ దగ్గర గడ్డతో మొదలై హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. విశాఖలో కీమో అయ్యాక మెడకు రేడియేషన్ ఇచ్చారు. స్కాన్ బాగుంది, ఇక చెకప్‌లకు వస్తే చాలన్నారు. ఊరంతా సంతోషించింది. వాడే గది దాటడం లేదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ మోయడానికి అందరికంటే ముందుండేవాడు, ఈసారి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆరోగ్యశ్రీలో చాలావరకు జరిగినా గది అద్దెలకు, ప్రయాణాలకు, నాన్న పని మానుకున్న నెలలకు అప్పయింది. "నాకు పెట్టిన డబ్బు పొలానికి పెట్టుకోవాల్సింది" అని మొన్న అమ్మతో అన్నాడట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుదామంటే, లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయం.

భీమవరం తమ్ముడు:
అడగండక్కా, ఇవాళే అడగండి. నాకు ఇంటర్‌లో బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. వైద్యం నడిచినన్నాళ్లూ ఈ వారం కీమో, వచ్చే వారం రక్తపరీక్ష అని ఎవరో ఒకరు చెబుతూనే ఉండేవారు. అయిపోయాక ఎవరూ ఏమీ చెప్పరు. తోటివాళ్లు బీటెక్ సగానికి వచ్చేశారు, నేను మళ్లీ ఇంటర్ పుస్తకాలు తీశాను. చుట్టాలేమో "గండం గడిచింది కదరా, ఇంకేంటి?" అంటారు. ఆ మాట తర్వాత బాధగా ఉందని చెప్పడానికి నోరు రాదు. చిన్న జ్వరం వచ్చినా తిరగబెట్టిందేమోనని టెన్షన్, చెకప్ వారం అన్నం దిగేది కాదు.

మా పెద్దమ్మ కొడుకు ఒకరాత్రి మేడ మీద సూటిగా అడిగాడు. "ఒరేయ్, చచ్చిపోవాలనిపిస్తోందా?" అవునన్నాను. తిట్టలేదు, ఏడవలేదు. ఎప్పటి నుంచి, ఎలాంటప్పుడు ఎక్కువగా అనిపిస్తుంది అని అడుగుతూ కూర్చున్నాడు. నా పక్కనే పడుకుని, తెల్లారాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నాకు మొదట కలిగింది భయం కాదక్కా, మోస్తున్న బరువు ఇంకొకరు పట్టుకున్నారన్న ఊరట.

కాకినాడ సిస్టర్:
అమ్మా, నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. మీ తమ్ముడి మాటలో డబ్బు కంటే "నేను అందరికీ భారం" అన్నదే నన్ను కంగారు పెడుతోంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2010లో వచ్చిన ఓ అమెరికా అధ్యయనంలో, చిన్నతనంలో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లలో 7.8 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలున్నాయని చెప్పారు. వాళ్ల తోబుట్టువుల్లో అది 4.6 శాతం. జబ్బు బయటపడి ఎన్నేళ్లయిందన్న దానికీ ఆ ఆలోచనలకూ సంబంధం కనబడలేదు. నొప్పులు, డిప్రెషన్, ఆరోగ్యం సరిగా లేకపోవడం ఉన్నవాళ్లలోనే ఎక్కువ. అందుకే ఒళ్లు నొప్పులంటే కూడా వినండి.

మెడకు రేడియేషన్ అన్నారు కాబట్టి ఇంకో మాట. కొన్నాళ్లకు థైరాయిడ్ మందగించవచ్చు. నీరసం, నిద్రమత్తు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం దానివల్ల కూడా వస్తాయి. టీఎస్‌హెచ్ అని థైరాయిడ్‌కి చేసే రక్తపరీక్ష చేయించండి. అలాగని అది తేలేదాకా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం ఆపవద్దు. ఈలోగా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బు తీసుకోరు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

నరసాపురం బాబాయ్:
అంతర్వేది తీసుకెళ్లి స్వామి దర్శనం చేయించమ్మా. మనసు కుదుటపడుతుంది.

కాకినాడ సిస్టర్:
తప్పకుండా చేయించండి బాబాయ్ గారూ, గది దాటి బయటికి రావడమే మంచిది. డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం దాని తర్వాతకి వాయిదా వేయకూడదు.

పాలకొల్లు అమ్మ:
మా అమ్మాయి సంగతి చెబుతాను తల్లీ. తనకి వైద్యం ముగిసిన ఏడాది సంబంధాలు చూడటం మొదలెట్టాం. "పిల్లలు పుడతారో లేదో కనుక్కుని చెప్పండి" అని మధ్యవర్తి వరండాలో అన్న మాట గదిలో ఉన్న పిల్ల వింది. ఆ తర్వాత తిండి తగ్గింది, ఫోన్ కట్టేసింది. కౌన్సెలింగ్‌లో తను మొదట అడిగింది కూడా అదే, నా ఒంట్లో ఏం మిగిలిందని. కీమో వేసిన డాక్టరు గారే కూర్చోబెట్టి ఏ మందు ఇచ్చారో, దేనికి ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పారు. సగం భయం తెలియకపోవడం వల్లనే. మగపిల్లలు ఈ మాట అసలు ఎత్తరు. మీ తమ్ముడికి అడిగే చోటు చూపించండి.

ఆకివీడు రైతు:
ఇంట్లో పొలం మందులు, చెరువు మందులు ఉంటే ఇవాళే వేరేవాళ్లింటికి పంపేయండి అక్కా. పాత మాత్రల డబ్బాలు కూడా అతని చేతికి అందకుండా పెట్టండి. అనుమానించినట్టు కాదు, గడ్డురోజులు దాటేవరకు జాగ్రత్త. పోలీసు కేసవుతుందని మా వైపు కొందరు ఆసుపత్రికి తీసుకెళ్లడానికే జంకుతారు. ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. వాళ్లకు వైద్యం చేయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

అంబాజీపేట అక్క:
అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చావాలని కాదక్కా, పొద్దున్న లేవకపోతే బాగుండనిపిస్తుంది" అన్నాడు. నాన్న కొట్లో ఉన్న మందు డబ్బాలు మావయ్య గారింటికి పంపేశారు. రేపు పెద్దాసుపత్రికి వస్తానన్నాడు, నేను పక్కనుంటేనే అని. ఏమేం తెచ్చుకోవాలి సిస్టర్?

కాకినాడ సిస్టర్:
లేవకపోతే బాగుండన్నది కూడా డాక్టరుకి అదే మాటల్లో చెప్పాలమ్మా. అతను చెప్పలేకపోతే మీరు చెప్పండి. విశాఖ ఫైలు మొత్తం తీసుకురండి, రేడియేషన్ ఎంత ఇచ్చారో ఉన్న కాగితం మరవొద్దు. ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లన్నీ రాసుకోండి, డిప్రెషన్ మందులు కొన్నింటికి వేరే మందులతో పడదు. మందు మొదలుపెడితే గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. పాతికేళ్ల లోపు వాళ్లను ఆ మొదటి వారాల్లో మరీ దగ్గరగా చూసుకోవాలి, అస్థిమితంగా తిరిగినా, నిద్ర బొత్తిగా పోయినా వెంటనే చూపించండి. ఈ రాత్రి ఎవరో ఒకరు వాడి గదిలోనే పడుకోండి. మాట తేడాగా అనిపిస్తే రేపటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి వచ్చేయండి, క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది.