అప్‌డేట్: నాన్నతో ఎమరాల్డ్ లేక్ చూసొచ్చాం

డాలస్ నుంచి వెళ్లి, 64 ఏళ్ల నాన్నను కొలరాడో కొండల్లోని ఎమరాల్డ్ లేక్ అనే సరస్సు దాకా నడిపించగలనా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. ముందు రెండు రాత్రులు దగ్గర్లోని కొండ ఊరు ఎస్టెస్ పార్క్‌లో ఉండి, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడనివ్వమని మీలో కొందరన్నారు. ఆ మాట వినడం ఎంత మంచిదైందో! మొదటి రాత్రి నాన్నకి తలనొప్పి, నాకు ఒకటే టెన్షన్. రెండో రోజు సాయంత్రానికి తగ్గింది.

నడక మొదలయ్యే బేర్ లేక్‌కి వెళ్లే రోడ్డుకి టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ (ఫలానా టైమ్‌కి లోపలికి రానిచ్చే అనుమతి) ముందే తీసుకున్నాం కాబట్టి ఆరింటికే నడక మొదలుపెట్టాం. రానూపోనూ మూడున్నర మైళ్లే, కానీ మొదలయ్యే చోటే 9,400 అడుగుల పైన ఉంది. దారిలో మొదట వచ్చే నింఫ్ లేక్ దాకా నాన్న మాటిమాటికీ ఆగారు. నేను తొందరపెట్టలేదు. బ్యాగులో చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బిపోయింది. గాలి ఎంత పలచనో అది చూశాకే నాకు అర్థమైంది.

ఆ తర్వాత వచ్చే డ్రీమ్ లేక్ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. అది దాటాక, జూన్ చివర్లో కూడా దారి మీద గట్టిపడ్డ మంచు! బూట్లకి తొడిగే ఇనప ముళ్లు అద్దెకు తీసుకోమన్నవారికి వెయ్యి దండాలు. ఎమరాల్డ్ నీళ్లలో నాన్న చెయ్యి పెట్టి, "వేళ్లు లాగేస్తున్నాయిరా" అంటూ తీసేసి, మళ్లీ పెట్టారు.

పదకొండుకల్లా కారు దగ్గరికి వచ్చేశాం. ఒంటిగంటకి ఉరుములు మొదలయ్యాయి.