పెళ్లికూతురి మేకప్: ఆమె ఇష్టమా, పెళ్లివారి ఇష్టమా?

కావలి_కోడలు: వచ్చే మాఘంలో నెల్లూరులో మా చెల్లెలి పెళ్లి. దానిది చామనఛాయ. ట్రయల్‌కి వెళ్తే పార్లర్ ఆమె అడక్కుండానే రెండు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ వేసింది. "నా రంగు నాకు ఉంచండి" అంటే, "ఫొటోల్లో బాగుండదమ్మా, మీ అత్తగారివాళ్లు రేపు నన్నే అంటారు" అంది. మా అమ్మ కూడా ఆమె వైపే. మేకప్ ఎవరి ఇష్టం వాళ్లది అంటారు గదా, ఇందులో చెల్లెలి ఇష్టం ఎక్కడుంది?

ట్రంక్‌రోడ్డు_బాబాయ్: అసలు ఈ పూతలెందుకమ్మా? మన పెద్దవాళ్లు పసుపు, కాటుక, పారాణితో పెళ్లిళ్లు చేసుకోలేదా? ఇదంతా కంపెనీలు అంటించిన జబ్బు.

ఒంగోలు_నాటకాలు: బాబాయ్, పసుపూ కాటుకా మేకప్ కాకపోతే మరేంది? ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మగవాళ్లు కూడా కాటుక పెట్టుకున్నారు. మన బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టే పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. జపాన్ వాళ్ల కబుకి నాటకాల్లోనూ ఆడవేషాలు మగవాళ్లవే. పాతదంతా మంచిదనీ అనలేం. మన వీధి భాగవతాల వాళ్లు ముఖానికి పూసుకున్న అర్దళం అనే పసుపురాయి పొడిలో ఆర్సెనిక్ విషం ఉంది, కబుకి వాళ్ల తెల్లపూతలో సీసం ఉండేది.

కాకపోతే ఒక తేడా. రంగస్థలం మీద అది వేషమని చూసేవాళ్లందరికీ తెలుసు, తెల్లారితే కడిగేస్తారు. పెళ్లికూతురికి వేసిన తెలుపు మాత్రం ఆమె అసలు రంగని నమ్మించాలి. నాకు కోపం వచ్చేది అక్కడే.

మాగుంట_బ్యూటీషియన్: నేను చేసేది ఇదే పని కాబట్టి చెబుతున్నా. షేడ్ చూడాల్సింది చేతి మీద కాదు, దవడకీ మెడకీ మధ్య, అదీ పగటి వెలుతురులో. మనలో చాలామంది చర్మంలో పసుపు ఛాయ ఉంటుంది. గులాబీ ఛాయ ఉన్న లేత ఫౌండేషన్ వేస్తే బూడిద పూసినట్టు కనబడుతుంది. సిలికా పౌడర్ ఎక్కువైనా ఫ్లాష్ పడగానే ముఖం తెల్లగా కొడుతుంది. "ఫొటోల్లో బాగుండదు" అనే మాట సగం పనితనం లేకపోవడమే!

మిగతా సగం మాది కాదు. డబ్బు కట్టేది ఒకరు, కుర్చీలో కూర్చునేది ఇంకొకరు. నెల్లూరు షాపుల్లో ముదురు షేడ్లు దొరకడం కష్టం, నేను ఆన్‌లైన్‌లో తెప్పిస్తా. 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ బ్రాండ్ 40 షేడ్లతో వచ్చాక గానీ పెద్ద కంపెనీలు కదల్లేదు. మా పనిని చులకన చేయకండి కూడా. ముంబై సినిమా సంఘం ఆడవాళ్లకు హెయిర్‌డ్రెస్సర్ కార్డే ఇచ్చేది, మేకప్ కార్డు ఇచ్చేది కాదు. మేకప్ ఆర్టిస్ట్ చారు ఖురానా కోర్టుకెక్కితే 2014లో సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది.

సైదాపురం_కుర్రోడు: ఐషాడోలో ఆ మెరుపు ఎక్కడిదో తెలుసా? మైకా, అంటే మన అబ్రకం. మా సైదాపురం, గూడూరు వైపు తవ్విన అబ్రకం ఒకప్పుడు కరెంటు సామాన్ల కోసం విదేశాలకు పోయేది. మేకప్‌లోకి పోయే మైకాని జార్ఖండ్‌లో పిల్లల చేత ఏరిస్తున్నారని ఎన్నోసార్లు బయటపడింది. కొన్ని కంపెనీలు అందుకే సింథటిక్ మైకాకి మారాయి. ఇష్టం, ఇష్టం అంటున్నారు, ఆ పిల్లల్ని ఎవరడిగారు?

ట్రంక్‌రోడ్డు_బాబాయ్: నేను మొదట చెప్పింది అదే గదా! 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మి, 2020లో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. మా వీధి కొట్లో ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు.

ఒంగోలు_నాటకాలు: అడిగేది మనమే గదా బాబాయ్. తెల్లపిల్ల కావాలని సంబంధాల్లో చెప్పేది కంపెనీవాడా?

కావలి_కోడలు: బ్యూటీషియన్ అక్కా, చెల్లెల్ని మీ దగ్గరికి తీసుకొస్తా. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఇంకో సంగతి, పెళ్లికొడుక్కీ మేకప్ బుక్ చేశారు. అతనిదీ చామనఛాయే, అతని రంగు గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ నోరెత్తలేదు.

మాగుంట_బ్యూటీషియన్: రమ్మనండి, అమ్మని కూడా తీసుకురండి. పొద్దున పదింటికైతే వెలుతురు బాగుంటుంది.